నొక్కని కుడుములు

“సజ్జపిండి జర ఎక్కువనే కలుపు” అన్నాడు చెన్నబసప్ప, వంటింటి గడప అవతల నిలబడి.

శరణమ్మ చేతులు మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. తలెత్తలేదు. తెల్లారితే ఎళ్లమాస. చేను కడుపుతో ఉన్న ఆడమనిషనీ, ఆమెకు కడుపునిండా పెట్టాలనీ, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ బండ్లు కట్టుకుని చేలకు పోయే చలికాలపు అమావాస్య. కానీ పండుగ కుడుముల పిండి కలపాల్సింది రేపు పొద్దున. ఇప్పుడు కలుపుతున్నది రొట్టెలకు. ఇంటిల్లిపాదికి సరిపోయే పిండి ఎంతో పన్నెండేళ్లుగా ఆమె చేతికి తెలుసు. ‘ఎక్కువ’ అన్నాడంటే అది మనుషులు తినేందుకు కాదు.

ఆయన లోపలికి రాలేదు. బయట వరసగా చప్పుళ్లు మొదలయ్యాయి. ఆ వరస ఆమెకు కంఠతా వచ్చు. ముందు పిల్లల్ని పిలుస్తాడు. మహాదేవి చెప్పుల చప్పుడు, దాని వెనక చిన్నవాడు వీరేశం పరుగు. తరువాత అత్త బసమ్మ మోకాళ్లు పట్టుకుని ‘శివా’ అంటూ లేవడం. చివరగా కొట్టంలో బర్రె మెడ గొలుసు విప్పిన చప్పుడు. కొట్టం గోడా వంటింటి గోడా ఒకటే. అందుకని బర్రెను కూడా వీధిలోకి తోలుకుపోయి ఎదురుగా ఉన్న గుంజకు కట్టేస్తారు. పాలిచ్చే బర్రె, బెదిరితే పాలు ఎగవేస్తుందని మొదటిసారి అత్త అన్నది. మంచి మాటే. ఎవరూ కాదనలేదు. అందరూ బయటికి పోయాక ఇల్లు ఒక్కసారి పెద్దదైపోతుంది. దాని మధ్యలో శరణమ్మ, పిండి, మూలన గోనెసంచి కింద వెదురుగంపలో గడ్డి పరిచి పెట్టిన ఉండలు మిగులుతాయి.

ఆ ఉండలు ఎక్కడి నుంచి వస్తాయో ఆమె అడగలేదు. కర్ణాటక సరిహద్దు దాటి ఎవడో తెచ్చిస్తాడని మాత్రం విన్నది. చూడటానికి నిమ్మకాయంత ఉంటాయి, దారం గట్టిగా చుట్టి. పళ్ల మధ్య నలిగినా, కాలి కింద నలిగినా పేలుతాయి. పైన పిండి పూసి చేను గట్టున పెడితే అడవిపంది వాసన పట్టి కొరుకుతుంది. తల ఉండదు ఇక దానికి. పిండి పూయడం శరణమ్మ పని.

పందుల మీద ఆమెకేమీ జాలి లేదు. ఉందని చెబితే అబద్ధమవుతుంది. ఊరికి పడమర సర్కారీ అడవి. ఆమె కాపురానికొచ్చిన కొత్తల్లో మొగవాళ్లు కుక్కల్ని పట్టుకుని వేటకు పోయేవాళ్లు, పందులు అడవి దాటి వచ్చేవి కావు. తరువాత అడవి చుట్టూ రాళ్లు పాతారు. లోపల కట్టె కొట్టొద్దు, వేట ఆడొద్దు అన్నారు. అడవి జవాను వచ్చి అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: “డబ్బాలు కొట్టుకోండ్రి, మంటలు పెట్టుకోండ్రి, తరుముకోండ్రి. సంపితె మాత్రం కేసైతది.” కేసనే మాట పందులకు ఎవరో చేరవేసినట్టు, ఆ ఏటి నుంచీ మందలు మందలుగా దిగాయి. ఒక్కసారి దూరితే శనగచేను దున్నిన కయ్య అయిపోతుంది. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. చేను చుట్టూ ముళ్ల కుసుమలు చల్లితే పశువులు ఆగుతాయి గానీ పంది ఆగదు, దాని తోలుకు ముల్లంటే గోకినట్టే. పోయినేడు వాళ్ల వీధిలోని సీతాబాయి చెరకులో గడ్డికి పోయింది. పంది తొడ చీల్చింది. జహీరాబాద్ దవాఖానకని బండి కట్టారు, పెద్ద సడక్ ఎక్కకముందే ప్రాణం పోయింది. ఆ ఉదయం ఆమె వెంట గడ్డికి పోవాల్సింది శరణమ్మే. రొట్టెలు కాలక ఆలస్యమైంది. అందుకని పందులను చంపొద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. చెరకు ఆకు కదిలితే చాలు, ఇప్పటికీ ఆమె కాళ్లు నేలకు అతుక్కుపోతాయి.

కానీ ఈ భయం వేరు. దీనికి కాళ్లు లేవు, కోరలు లేవు. ఇది ఆమె అరచేతిలో కూర్చుంటుంది.

మొదటి ఏడు ఈ పని జీతగాడు మల్లప్ప చేశాడు, గొడ్లచావిడిలో. ఒకరోజు చప్పుడైంది. రెండు వేళ్లు పోయాయి. చెరకు గానుగలో పడ్డాయని దవాఖానలో చెప్పమన్నారు, అతను అలాగే చెప్పాడు. ఆ తరువాత ఎంత బతిమాలినా ముట్టలేదు. “మొగోని చెయ్యి మోటు. గట్టిగ నొక్కిండు, అదే తప్పు” అన్నాడు చెన్నబసప్ప ఇంటికొచ్చి. రొట్టె కొడుతున్న శరణమ్మ చేతుల వైపు చాలాసేపు చూశాడు. పెళ్లైనప్పటి నుంచీ ఆయన ఆమె చేతులను అంతసేపు చూసింది అదే మొదటిసారి. “నీ చెయ్యి తేలిక. రొట్టె గాలికి ఎగిరేటట్టు కొడతవ్” అన్నాడు. ఆ పొగడ్త విని ఆమె సంతోషపడింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పన్నెండేళ్లలో వంట గురించి ఆయన అన్న మంచిమాట అదొక్కటే.

అత్త అడ్డం చెబుతుందనుకుంది. మెడలో లింగం ఉన్న ఇల్లు. పక్కింటి కోడి గుడ్డు పెంకు గాలికి వాకిట్లోకి వస్తే ఇల్లంతా మళ్లీ అలికించే మనిషి బసమ్మ. “వంటింట్లనా?” అని మాత్రం అడిగింది. “గాలి తగలని జాగ కావాలె అవ్వా” అన్నాడు కొడుకు. “అయితే పొయ్యి ఆర్పుమను” అన్నది. అంతే.

పొయ్యి ఆర్పి, నీళ్లు చల్లి, బూడిద కూడా చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూసుకుని శరణమ్మ పీట మీద కూర్చుంది. కుడుమైతే పిడికిట్లో వేసి నొక్కుతారు, నాలుగు వేళ్ల గుర్తులు పడతాయి. ఇది నొక్కకూడదు. అరచేతిలో పిండి పలుచగా పరిచి, ఉండను అందులో కూర్చోబెట్టి, చుట్టూ పిండిని తోలుకురావాలి, వేలి కొసలతో, చంటిపిల్ల కనురెప్ప మీద కాటుక పెట్టినట్టు. గుండ్రంగా, నున్నగా వస్తుంది. ఒక్కొక్కటి అయ్యాక గడ్డి పరిచిన ఇంకో గంపలో పెట్టి ఊపిరి వదిలేది. ముక్కు మీద ఈగ వాలింది. తోలలేదు. ఈగ ముక్కు మీద నుంచి పెదవి మీదికి నడిచింది. చేతులు పోతే ఎట్లా అనే ఆలోచన ప్రతిసారీ ఇక్కడే వస్తుంది. చేతులు లేని ఆడదాన్ని ఏం చేస్తారు? మొగవాడికి కాలు పోతే అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెడతారు. చేతులు లేని కోడలు రొట్టె కొట్టలేదు, పాలు పిండలేదు, తన జుట్టు తానే ముడుచుకోలేదు. ఆమె కడుక్కోవడానికి ఎవరు నీళ్లు పోస్తారు? మహాదేవి పోస్తుంది. తొమ్మిదేళ్లది. డెబ్బై రెండు కరువులో పుట్టినందుకు కరువుపిల్ల అని అత్త పిలిచే పిల్ల. ఆ కరువుపిల్ల మీద మొత్తం ఇల్లు పడుతుంది.

“అయిందా?” వీధిలో నుంచి అత్త గొంతు. “బర్రెకు పాలు పిండే యాళ్లయితున్నది.”

“అయితున్నది” అన్నది శరణమ్మ, పెదవులు మాత్రమే కదిలేటట్టు.

అయిపోయాక చెన్నబసప్ప వచ్చి గంప ఎత్తుకున్నాడు. రెండు చేతులూ చాచి, ఒంటికి దూరంగా, ఒక్కొక్క అడుగు చూసుకుంటూ నడిచాడు. కన్నబిడ్డలను కూడా ఆయన అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు. “మంద పొద్దుగూకినంక దిగుతది. ఇయ్యాల పెట్టి, తెల్లారి ఎవ్వరు రాకముందే ఏరుకొస్త” అన్నాడు. మిగిలినవి మనుషులు తిరిగే వేళకు ఏరి తేవడం, అదొక్కటి ఆయన పని. ఇన్నాళ్లూ ఏ లోటూ చేయలేదు.

శరణమ్మ చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. అదే చేతులతో రొట్టెలు కొట్టింది.

* * *

తెల్లారేసరికి ఊరు మంచులో మునిగింది. వాకిట్లో నిలబడితే ఎదురింటి గోడ లేదు. చెన్నబసప్ప కంబళి కప్పుకుని చేనుకు పోయాడు. శరణమ్మ పొయ్యి మీద భజ్జికి పచ్చి శనగలు, కందులు, అనపలు, చింతపండు పులుసు ఎక్కించి కుడుములకు కూర్చుంది. మహాదేవి తల దువ్వుకోకుండానే వచ్చి పక్కన చేరింది.

“అమ్మా, ఈసారి నేను గూడ చేస్త.”

“చెయ్యి. చేతులు కడుక్కో ముందు.”

పిల్ల చేస్తుంటే శరణమ్మ తన పనిలో పడింది. పిండి తీయడం, పిడికిట్లో నొక్కడం, గుడ్డ మీద పెట్టడం. భజ్జి పొంగుతుంటే లేచి కలిపి మళ్లీ వచ్చి కూర్చునేసరికి మహాదేవి ముందు వరసగా పేర్చిన కుడుములు కనిపించాయి. గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. ఒక్కదాని మీదా వేలి గుర్తు లేదు.

“ఇవేంది గిట్ల చేసినవ్?”

“నువ్వు నిన్న చేసినట్ల. నొక్కకుండ.” పిల్ల తల ఎత్తకుండానే అంది, అరచేతిలో పిండిని వేలి కొసలతో తోలుకుంటూ. “మంచినీళ్లకని వచ్చిన అమ్మా. కిటికీల నుంచి చూసిన. నువ్వు ఊపిరి గూడ తియ్యలే.”

శరణమ్మ పిల్ల ముఖంలోకి చూసింది. అది కూడా ఊపిరి తీయడం లేదు. కుడుము చేస్తూ ఊపిరి బిగపట్టింది, పిండిపనంటే అదొక పద్ధతి కాబోలనుకుని. పెదవి కొస పంటి కింద పెట్టుకుంది. తాను కూడా అలాగే పెట్టుకుంటుందా? కిటికీ వంటింటి గోడకే ఉంది. ఆ గోడ పక్కన ఎంతసేపు నిలబడింది ఇది? బర్రెను తీసుకుపోయినవాళ్లు పిల్ల వెనక్కి వచ్చిందో లేదో చూసుకోలేదా?

“ఇంకోసారి అట్ల చూసినవంటె కాళ్లు ఇరగ్గొడత” అన్నది.

“ఎందుకట్ల బెదిరిస్తవ్ పండుగ పూట” అంటూ బసమ్మ వచ్చింది. ఒక కుడుము తీసి వెలుగుకు పట్టి చూసింది. “తల్లి చెయ్యి కంటె తేలిక దీనిది. చూసినవా చెన్నా?”

చెన్నబసప్ప అప్పుడే తిరిగొచ్చి, గంపను దూరంగా పెరట్లో దించి, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. కనుబొమ్మల మీద మంచు తడి. తల్లి చేతిలో ఉన్నదాన్ని చూశాడు, కూతురి చేతులు చూశాడు. “మంచిగ చేసింది” అన్నాడు. కాసేపటికి మంట వైపు చూస్తూ అన్నాడు, “ఇంకో రెండేండ్లు పోతె తల్లికి ఆసరైతది.”

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. అదే మాట ఇంకో ఇంట్లో అయితే ఆడపిల్ల గురించి మామూలుగా అనే మాట. శరణమ్మ పిండిలో చేతులు పెట్టి అలాగే ఉండిపోయింది. రెండేళ్ల కిందట తన చేతులను చూసినట్టే ఇప్పుడు కూతురి చేతులను చూశాడాయన. చాలాసేపు చూశాడు.

* * *

చేనుకు చేరేసరికి మంచు విడింది. శనగ కాయపట్టి కడుపులు ఉబ్బించుకుని ఉంది. మధ్యలో జొన్నచొప్పతో వేసిన గుడిసెలో అయిదు రాళ్లకు సున్నం పూసి, పసుపు కుంకుమ పెట్టారు. అంబలి, భజ్జి, కుడుములు నైవేద్యం చేశారు. పక్క చేలల్లో కూడా బండ్లు ఆగి ఉన్నాయి, పొగలు లేస్తున్నాయి, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఏడాదిలో ఆడవాళ్లు చేలో కూర్చుని అన్నం తినే రోజు అదొక్కటే. మిగతా రోజులు నిలబడో, వంగో ఉంటారు.

పొలి చల్లడానికి చెన్నబసప్ప కుడుముల గంప చంకనెత్తుకున్నాడు. చెప్పులు విడిచి, గట్టు వెంట నడుస్తూ, పొలి పొలి అంటూ కుడుములు తుంచి కొన్ని, తుంచనివి కొన్ని చేలోకి విసరాలి. వెనక ఇల్లాలు చెంబుతో నీళ్లు వదలాలి. నాలుగు మూలలా తిరిగితేనే చేను తల్లి కడుపు నిండినట్టు. తూర్పు మూల అయింది. దక్షిణం అయింది. పడమర గట్టు మీదికి వచ్చాక, అడవి వైపు మూల ఇంకా కొంత దూరం ఉండగానే ఆయన చేలోకి మళ్లి గుడిసె వైపు నడిచాడు.

“ఆ మూలకు పోలేదేందిరా?” గుడిసె దగ్గర నుంచి బసమ్మ కేకేసింది.

“సాలు తియ్యవ్వా. ఎండెక్కింది.”

“సాలేంది? తల్లిని ఒక్క మూల ఉపాసముంచుతవా?” అంటూ ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చి గంప లాక్కుంది. తాను అంత దూరం నడవలేదు. నిలబడిన చోటు నుంచే మిగిలిన కుడుములన్నీ పిడికిళ్లతో ఆ మూలకు విసిరింది. గంపలో అడుగున మిగిలినవి మహాదేవి చేసినవి. గుండ్రటివి, నున్నటివి, కుసుమ ముళ్ల నడుమ, శనగమొక్కల కింద పడి దొర్లాయి.

శరణమ్మ చేతిలో చెంబు వంకరై నీళ్లు ఆమె పాదాల మీదే పడ్డాయి. ఆయన ఎందుకు మళ్లాడో ఆమెకు అర్థమైపోయింది.

“నిన్నటియి అన్ని దొరికినయా?” అని పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

“ఊకో. పక్క చేన్ల మందున్నరు.”

“దొరికినయా అంటున్న.”

“మంచుల ఏం కానొస్తది? ఆ మూలకు ఒకటో రెండో దొరకలే. పంది ఈడ్సుకపోయి ఉంటది.”

“పంది పడితె చప్పుడు రావాలె గద.”

ఆయన ముఖం ఎర్రబడింది. “నాకు నేర్పుతవా? జవాను చెవుల పడితె జైలుకు పోయేది నేను. తిన్నంక నువ్వే ఒకసారి పోయి చూసిరా. నీ చేతియి నీకు ఎర్కైతయి గద.”

నిన్నటి దాకా అది నిజమే. నొక్కినవి కుడుములు, నొక్కనివి ఇంకోటి. ఇప్పుడు ఆ మూలన నొక్కని కుడుములు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. వాటిలో కూతురు చేసినవి ఏవో, తాను చేసింది ఏదో దేవుడికే తెలియాలి. ఆమె ఆ మాట చెప్పలేదు. చెప్పినా “అయితె ఇంక జాగ్రత్తగ చూడు” అంటాడు. ఆకు వేసి వడ్డించింది. భజ్జి బాగుందని అత్త రెండోసారి పెట్టించుకుంది. ఆయన తిన్నాడు, పిల్లలు తిన్నారు. శరణమ్మ ముద్ద కలుపుతూనే ఉంది. చూపు ఆ మూల మీదే ఉంది. ఒక కాకి వచ్చి వాలింది, ముక్కుతో పొడిచింది, ఎగిరింది. కాకి పొడిచినప్పుడల్లా ఆమె వీపు బిగుసుకుంది. పోవాలి, తిన్న తరువాత పోవాలి. ముళ్లల్లో వంగి, ఒక్కొక్కదాన్ని చూసుకుంటూ, కాలు ఎక్కడ పెడుతున్నదో చూసుకుంటూ. వీళ్లు ఇక్కడ గుడిసె నీడన కూర్చుని ఉంటారు. పిల్లల్ని దగ్గరికి పిలుచుకుని ఉంటారు. ‘అయిందా?’ అని అత్త కేకేస్తుంది.

అప్పుడు ఆ మూలకు అవతల తలలు కనిపించాయి. రత్నమ్మ, ఆమె వెనక మరికొందరు ఆడవాళ్లు, ఒళ్లో కొంగులు దోపుకుని వస్తున్నారు. ఏటేటా వచ్చేవాళ్లే. చేను వాళ్లు తిన్న తరువాత పొలి కుడుములు ఏరుకుపోవడం వాళ్ల హక్కు, ఎవరూ కాదనరు. రత్నమ్మా, ఆమె మొగుడు ఇస్సాకూ చర్చికి పోయేవాళ్లు. ఎవరి దేవుడికి పెట్టినవైనా సజ్జలు సజ్జలే అంటుందామె నవ్వుతూ. వాళ్ల వాడకు దగ్గర ఆ మూలే కాబట్టి ఏరడం ఎప్పుడూ అక్కడి నుంచే మొదలు. ఈ చేలో కలుపు తీసిందీ, రేపు శనగ పీకబోయేదీ వాళ్లే.

శరణమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన కూడా చూస్తున్నాడు. చూసి ఆకులో మిగిలిన భజ్జి వేలితో నాకాడు. “ఏం గాదు” అన్నాడు, పెదవి కదలకుండా.

రత్నమ్మ గట్టు ఎక్కింది. కుసుమ ముళ్లను చీరకొంగుతో పక్కకు తప్పించి కాలు ఎత్తింది.

“రత్నమ్మా, ఆగు. కాలు పెట్టకు.”

ఆ గొంతు ఎవరిదో శరణమ్మకే ఒక్క క్షణం తెలియలేదు. చేలో అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. పక్క చేలల్లో పొయ్యిల దగ్గర తలలు తిరిగాయి. ఆమె లేచి నిలబడి ఉంది, చెయ్యి ఇంకా ఎంగిలితోనే ఉంది.

రత్నమ్మ ఎత్తిన కాలు గట్టు మీదే పెట్టుకుంది. “ఏమైంది పటేలమ్మా? ఇన్నేండ్లు లేని మైల ఇయ్యాల ఎక్కడి నుంచొచ్చె?”

“మైల కాదు. ఆ కుడుముల్ల పందుల ఉండ ఉన్నది. ఒకటో రెండో. తొక్కితె పేలుతది. ఎవ్వరు ముట్టకుండ్రి.”

“శరణీ” అన్నాడు చెన్నబసప్ప. లేవలేదు.

ఆడవాళ్లంతా గట్టు మీద ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వెనక్కి జరిగారు. రత్నమ్మ మాత్రం ఉన్నచోటే ఉంది. కాసేపు నేల వైపు చూసింది, కాళ్ల ముందే రెండు గుండ్రటి కుడుములున్నాయి. తరువాత తలెత్తింది.

“పోయినేడు గూడ పెట్టిన్రా?”

శరణమ్మ ఎంగిలి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. “పెట్టినం. పొద్దుగాల ఏరుకొచ్చిండు.”

“ఏరిండో లేదో నువ్వు చూసినవా?”

చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. చేతులు కడుక్కుని రొట్టెలు కొట్టింది. తన చేతులు దాటాక అవి ఎక్కడుంటాయో, ఎవరి కాలి ముందు ఉంటాయో, ఆ సంగతి ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. తన వేళ్లు పోతాయేమో అనే భయంలో ఇంకెవరి వేళ్లకూ చోటు లేకపోయింది.

“మా పిల్లలకు పెట్టిన నేను, ఏరుకపోయి. కొంగుల మూట కట్టుకపోయి” అన్నది రత్నమ్మ. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

చెన్నబసప్ప లేచాడు. పక్క చేల వైపు ఒకసారి, గట్టు వైపు ఒకసారి చూసి నవ్వాడు. “ఆడోల్ల మాటలు పట్టుకుంటరా? అన్ని ఏరుకొచ్చిన. అమాస పూట దానికి తల తిరిగినట్టున్నది. ఏరుకోండ్రి, ఫికర్ లేదు.”

“ఫికర్ లేదు గద?” అన్నది రత్నమ్మ.

“లేదంటి గద.”

“అయితె నువ్వు ముందర నడువు పటేలా. నీ అడుగుల అడుగేసుకుంట మేమొస్తం.”

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉంది. కాళ్లు కదలలేదు. పక్క చేను వాళ్లు కొందరు గట్టు దాకా వచ్చి నిలబడ్డారు. అందరి కళ్లూ ఆయన పాదాల మీద ఉన్నాయి. ఆయనకు కూడా ఆ సంగతి తెలిసింది.

“పీకేటందుకు గూడ రాము పటేలా ఈ చేన్లకు” అన్నది వెనక నుంచి ఒకామె. “ముందుగాల అది దొరకాలె.”

బసమ్మ కర్ర సర్దుకుంది. “ఓ పిల్లా శరణీ. గంత లొల్లి చేసినవు గద, నువ్వే పోయి ఆ ముండమోపిది ఏరి పారెయ్యరాదు? నువ్వు చుట్టిందే నాయె.”

“నేను పోత అవ్వా.” మహాదేవి లేచింది, లంగా దులుపుకుంటూ. “నాకు ఎర్కనే. ఏవి నేను చేసినయో, ఏవి అమ్మ చేసినయో.”

పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. తనకొక్కదానికే వచ్చిన విద్య అందరి ముందూ చూపించబోతున్న మెరుపు. శరణమ్మ దాని చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. ఎముక ఎంత సన్నగా ఉందో ఆ క్షణం తెలిసింది.

చెన్నబసప్పకు ఊపిరి తిరిగొచ్చింది. “మంచిది. పిల్లను తోల్కపో” అన్నాడు భార్యతో. “దాని కండ్లు సురుకు. ఇద్దరు పోండ్రి. నిమ్మలంగ చూసుకుంట పోతె ఏం గాదు.”

శరణమ్మ ఆయన ముఖం వైపు చూసింది. అందులో దుర్మార్గం ఏమీ కనిపించలేదు. కనిపించి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు తనకు. రొట్టె పెట్టమన్నప్పుడు, నీళ్లు తోడమన్నప్పుడు ఉండే ముఖమే అది. ఏ పని ఎవరు చేయాలో ముందే ఖాయమైపోయిన మనిషి ముఖం. రెండేళ్ల తరువాత కాదు, ఇప్పుడే, ఈ మధ్యాహ్నమే.

ఆమె పిల్లను లాగి కూర్చోబెట్టి, పక్కనే తానూ నేల మీద కూర్చుంది. చెయ్యి వదల్లేదు.

“చేను పట్టా ఎవరి పేర ఉన్నది?” అన్నది.

“ఏంది?”

“అడుగుతున్న. ఎవరి పేర ఉన్నది?”

“నా పేర. అందరికెర్కనే గద. ఇప్పుడా ముచ్చటెందుకు?”

“అయితె నువ్వు పో.”

గాలి లేదు. ఎక్కడో బండి దగ్గర ఎద్దు మెడ విదిలిస్తే గంటలు మోగాయి. గట్టు మీద రత్నమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ఎంతసేపైనా నిలబడగలిగినట్టు.

చెన్నబసప్ప ధోతి పైకి దోపుకున్నాడు. నేల మీద నుంచి ఒక కట్టె తీసుకున్నాడు, పనికిరాదని తోచి పడేశాడు. పడమర మూల వైపు నడిచాడు. ముందు మామూలుగా, తరువాత మెల్లగా, తరువాత ఒక్కొక్క పాదం చూసుకుంటూ. గుండ్రటి కుడుములు మొదలైన చోట ఆగాడు. అక్కడ నుంచి వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఆ దూరం నుంచి కూడా ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. పెదవి కొస పంటి కింద ఉంది.

శరణమ్మ పిల్ల చేతిని ఒళ్లోకి తీసుకుంది. ఆయన చేతులు గుర్తొచ్చాయి, వీరేశం పుట్టినప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద పెట్టిన చెయ్యి. ఆ చేతులు పోవాలని ఆమె ఎన్నడూ కోరుకోలేదు. ఒక్క మాట చాలు, ‘ఇంగ రా’ అంటే చాలు, వచ్చేస్తాడు. ఆ మాట కోసమే ఆగి ఉన్నాడని చేలో ఉన్న అందరికీ తెలుసు. వచ్చాక ఆ మూలకు ఎవరు పోవాల్సి ఉంటుందో ఆమెకు తెలుసు.

ఆమె పిలవలేదు.